కిటికీకి చట్టం ఉన్న దేశం

(బెంగళూరులో ఒక ఆదివారం సాయంత్రం తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

నమస్కారం. వెనక వరుసకు వినబడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించండి, మైకులో గాలి మోగుతోంది. ఆఁ, చాలు.

ఐదున్నరకు మొదలన్నారు, ఆరుంబావు అయింది. సిల్క్ బోర్డు దగ్గర ఇంకా నలుగురు ఇరుక్కున్నారట. వాళ్లు వచ్చేసరికి మనం భూటాన్ సరిహద్దు దాటేసి ఉంటాం.

మొదట నన్ను అమరావతి గురించి మాట్లాడమన్నారు. నేనే వద్దన్నాను. ఆ మాటెత్తితే ఈ హాల్లో పది నిమిషాలకే కుర్చీలు లేస్తాయి. (నవ్వులు) పరాయి దేశం సంగతైతే ఎవరికీ బీపీ పెరగదు, నింపాదిగా గోడలు చూడొచ్చు. మధ్యలో మీకు మన ఊళ్లు గుర్తొస్తే ఆ పాపం నాది కాదు.

నా సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో ఇళ్లకు ప్లాన్లు గీసి బతుకుతున్నాను. పుట్టింది అనంతపురం జిల్లాలో, చౌడుమిద్దెలో. మొగులు పడితే మిద్దెక్కి చౌడు తొక్కడం, గవాక్షి మీద బండ మూయడం, అదీ నా మొదటి ఆర్కిటెక్చర్ చదువు. రెండోది కాలేజీలో చదివాను. దాంట్లో మార్కులు తక్కువ.

బొమ్మ వేయండి. ఇదిగో, కిటికీ. చూడండి, మూడు గడులున్నాయి. ఒక్కో గడి పైన మూడు వంపుల తోరణం. కింద చెక్క పలకలు. పైన దూలాల చివర్లు మెట్లుమెట్లుగా ముందుకు పొడుచుకొచ్చాయి, అదే కార్నిస్, వాటి మీద తామర రేకులు, మేఘాలు. కిటికీ అనడం కూడా తప్పే, గోడలో సగాన్ని తీసేసి అక్కడ చెక్కతో ఒక చిన్న గదిముఖం పెట్టినట్టుంటుంది. దీన్ని రబ్సెల్ అంటారు.

ఈ కిటికీ లేకుండా అక్కడ పట్నంలో మేడ కడితే ప్లాన్ శాంక్షన్ కాదు. మన దగ్గర సెట్‌బ్యాక్ ఎంత వదిలావు, పార్కింగ్ ఎక్కడ పెట్టావు అని అడుగుతారు. అడిగి ఊరుకుంటారు, అది వేరే కథ. అక్కడ మాత్రం తోరణం ఏదీ, కార్నిస్ ఏదీ, కప్పు వాలు ఏదీ అని అడుగుతారు. 1993లో ప్రభుత్వం సంప్రదాయ కట్టడాల మీద ఒక పుస్తకమే వేసింది. 2002లో భవన నియమాలు వచ్చాయి. 2014లో మరింత వివరంగా మార్గదర్శకాలు వచ్చాయి. ఏ అలంకారం ఎవరి ఇంటికి తగునో కూడా అందులో ఉంటుంది. గోడ పైభాగంలో ఎర్రటి పట్టీ వేస్తారు, కేమర్ అంటారు. అది గుడికి, కోటకు తగిన గుర్తు. కప్పు మీద బంగారు శిఖరం కూడా అంతే. డబ్బుంది కదా అని నువ్వు నీ ఇంటి మీద పెట్టుకుంటానంటే కుదరదు.

ఎంత దేశం అది? పాత అనంతపురం జిల్లా, అంటే విడగొట్టక ముందు, 19 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అలాంటివి రెండు పక్కపక్కన పెట్టండి. 38 వేల చిల్లర. అదీ భూటాన్. జనం 2017 లెక్కల్లో 7 లక్షల 27 వేలు. బెంగళూరులో రెండు అసెంబ్లీ నియోజకవర్గాలు కలిపితే సరి. పైన చైనా, కింద మనం. ఇద్దరు పెద్దవాళ్ల మధ్య బస్సు సీట్లో కూర్చున్న పిల్లాడి పరిస్థితి.

నేను రోడ్డున వెళ్లాను. జైగావ్ అని మన వైపు ఊరు, బెంగాల్‌లో. దాన్నానుకుని ఫుంత్‌షోలింగ్, వాళ్ల వైపు. మధ్యలో ఒక గేటు. గేటుకు ఇవతల మన సంగతి తెలిసిందే కదా. ప్లాస్టర్ చేయని ఇటుక గోడ, స్లాబు మీద ఆకాశానికి చూస్తున్న రాడ్లు, ఎప్పుడో వేయబోయే రెండో అంతస్తు కోసం. అడ్డదిడ్డంగా వైర్లు, గుట్కా బోర్డులు. గేటు దాటిన మరుక్షణం ప్రతి మేడకూ ఆ తోరణాల కిటికీలు, రంగుల కార్నిస్‌లు, ఒకే ఎత్తు, ఒకే వరుస. నేల అదే, ఎండ అదే, ఉక్కపోత అదే. సిమెంటు, రాడ్లు కూడా ఇవతలి నుంచి పోయినవే. మారిందల్లా గోడల వేషం. అంతా బావుందే అనుకుంటూ నాలుగడుగులు వేశాక నాకు ఒక అనుమానం వచ్చింది. ఈ కిటికీ ఇంత ఉక్కపోత ఊళ్లో పుట్టి ఉండదే అని.

నిజంగానే అది అక్కడ పుట్టలేదు. కొండల మీద, చలిలో పుట్టింది. అసలైనదాన్ని పారో దగ్గర ఒక పల్లెలో చూశాను. ఇల్లు మూడంతస్తులు. కింద పశువుల కొట్టం, అక్కడ కిటికీల్లేవు, సన్నటి చీలికలు మాత్రం. మధ్యలో ధాన్యం. పైన మనుషులు, దేవుడి గది. పైకి పోయేకొద్దీ గోడ పల్చబడుతుంది, కిటికీ పెద్దదవుతుంది. దక్షిణపు ఎండ లోపలికి రావాలి కదా, చలి దేశం. మెట్లంటే ఒకే దుంగ, దాంట్లో గాట్లు పెట్టారు. నేను చేతులూ కాళ్లూ ఉపయోగించి ఎక్కాను. డెబ్బై దాటిన ఆ ఇంటి అవ్వ బుట్ట పట్టుకుని చకచకా ఎక్కింది.

గోడ మట్టిది. రెండు పలకల మధ్య తడిమట్టి పోసి దిమ్మిసలతో కొట్టి కొట్టి గట్టిపరుస్తారు. ఎక్కువగా ఆడవాళ్లే కొడతారు, పాట పాడుతూ. మన ఊళ్లలో నాట్లకు పాటలున్నట్టు అక్కడ గోడకు పాటలున్నాయి. కిటికీని వడ్రంగి కింద కూర్చుని ముక్కలు ముక్కలుగా చేస్తాడు, మేకు వాడడు. గాడిలో నాలుక దూర్చి బిగిస్తాడు. కావాలంటే విప్పి మళ్లీ బిగించుకోవచ్చు. కప్పుకూ, పై అంతస్తుకూ మధ్య నాలుగు వైపులా గాలి ఆడే ఖాళీ ఉంటుంది. అందులో గడ్డి ఆరబెడతారు. కప్పు మీదేమో, గుంటూరు వాళ్లు గర్వపడాలి, మిరపకాయలు! ఎర్రగా, కప్పు నిండా. వాళ్లకు మిరపకాయ కారం కోసం వేసేది కాదు, అదే కూర. చీజ్‌లో వేసి ఉడికించి పెట్టారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అవ్వ నవ్వింది. అనంతపురం పరువు అక్కడ పోయింది.

ఆ పల్లెల్లో గోడల మీద ఇంకో బొమ్మ కూడా వేస్తారు. పిల్లలున్నారు కాబట్టి ఆ స్లయిడ్ తీసేశాను. (నవ్వులు) దిష్టి తగలకుండా అనుకోండి. మార్గదర్శకాలు ఎంత సంప్రదాయం సంప్రదాయం అన్నా, రాజధాని థింఫూలో మేడల మీద ఆ బొమ్మ బాగా తగ్గిపోయింది. సంప్రదాయంలో ఏది దేశానికి పనికొస్తుంది, ఏది సిగ్గు అనేది కూడా ఎవరో కూర్చుని తేల్చిందే అని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇప్పుడు పెద్ద కట్టడానికొద్దాం. జోంగ్. కోట అనొచ్చు, మఠం అనొచ్చు, కలెక్టరాఫీసు అనొచ్చు, మూడూ నిజమే. 1616లో టిబెట్‌లో గొడవలు పడి షబ్‌ద్రుంగ్ న్గవాంగ్ నమ్‌గ్యాల్ అనే లామా దక్షిణానికి వచ్చాడు. లోయకొక దొర ఉన్న ఆ కొండల్ని ఒక దేశంగా కుట్టింది ఆయనే. 1629లో సిమ్‌తోఖా, 1637లో పునాఖా, ఆ వెంటనే వాంగ్దీ, ఇలా లోయకొక జోంగ్ లేపుకుంటూ పోయాడు. లోపల రెండు ముంగిళ్లు. ఒకవైపు సన్యాసులు, ఒకవైపు గుమాస్తాలు. మధ్యలో ఉత్సె అనే పెద్ద బురుజు. ఇవాళ్టికీ అంతే. పునాఖాలో రెండు నదులు కలిసే చోట, జకరండా చెట్ల వెనక, తెల్లటి వాలుగోడలు చూస్తే ఎవరికైనా నోట మాట రాదు. కాగితం మీద ప్లాన్ లేకుండా కట్టారంటారు. మేస్త్రీకి కలలో గురు పద్మసంభవుడి స్వర్గ భవనం కనబడిందని, లేచి దాన్నే కట్టాడని కథ. నా క్లయింట్లకు కూడా కలలొస్తాయి. కాకపోతే వాళ్లకు దుబాయ్ కనబడుతుంది.

కథలో చెప్పని ముక్క ఒకటుంది. ఆ రాళ్లు మోసిందెవరు? ఇంటికి ఇన్ని రోజులని లెక్క కట్టి జనం చేత పని చేయించారు. ఊలా అంటారు. మనకు దానికి సొంత మాటే ఉంది, వెట్టి. తెలంగాణ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడున్నారు, దొర గడీ గోడ ఎట్లా లేచిందో తాతల నోట విని ఉంటారు. గడీ ఊరి మధ్యలో ఎత్తు మీద ఉండి ఊరంతటినీ చూస్తుంది, ఊరు మాత్రం లోపలికి చూడలేదు. జోంగ్ కూడా అంతే, లోయ మీద కన్నేసి కూర్చుంటుంది. తేడా ఏమిటంటే గడీల్లో చాలావాటికి పిచ్చిచెట్లు మొలిచాయి, జోంగ్‌లో ఇంకా దీపం వెలుగుతోంది, ఫైళ్లు కదులుతున్నాయి. అక్కడి మూడో రాజు 1950లలో బానిసత్వాన్ని రద్దు చేశాడు, భూములు పంచాడు. అయినా ఇంటి లెక్కన పని తీసుకోవడం చాలా ఏళ్లు నడిచింది. రోడ్డుకు, బడికి, కోట మరమ్మతుకు. అందుకే అక్కడ ఇల్లంటే నాలుగు గోడలే కాదు, సర్కారు పుస్తకంలో ఒక నంబరు. ఇప్పుడు తూర్పు భూటాన్ పల్లెల్లో తాళాలు పడ్డ ఇళ్లు పెరుగుతున్నాయి, గుంగ్‌తోంగ్ అంటారు. పిల్లలు థింఫూ పోయారు, అక్కడి నుంచి ఆస్ట్రేలియా పోయారు. మన కడప, పాలమూరు పల్లెల గురించి వేరే చెప్పాలా.

మరి ఈ వేషం చట్టం ఎందుకొచ్చింది? 1950లలో పైన టిబెట్ పోయింది. 1959లో దలైలామా పారిపోయి వచ్చాడు. నెహ్రూ 1958లో భూటాన్‌కు వెళ్లాలంటే రోడ్డు లేదు, గుర్రాల మీద, కాలినడకన వెళ్లాడు. ఆ తర్వాత మనవాళ్లే దంతక్ పేరుతో రోడ్లు వేశారు. రోడ్డు వచ్చిందంటే సిమెంటు వచ్చింది, రేకు వచ్చింది. 1961లో థింఫూ రాజధాని అయింది. అప్పటికి అది వరిమళ్ల మధ్య ఒక కోట, నాలుగు కొంపలు. 1960లలో మూడో రాజు తాషీఛో జోంగ్‌ను తిరగకట్టించాడు. ప్రపంచమంతా గాజు, కాంక్రీటు అంటున్న రోజుల్లో, ఐక్యరాజ్యసమితిలో సీటు కోసం తలుపు తడుతున్న రాజు, సచివాలయాన్ని చెక్కతో, రాయితో, మేకు లేకుండా కట్టించాడు. 1971లో సీటొచ్చింది. 1975లో పక్కనున్న సిక్కిం మన దేశంలో కలిసిపోయింది. అక్కడా ఒక రాజు ఉండేవాడు, అక్కడా నేపాలీ మాట్లాడేవాళ్లు ఎక్కువ మంది ఉండేవాళ్లు. ఈ రెండు ముక్కలూ గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాయి. చెప్పుకోదగ్గ సైన్యం లేదు, డబ్బు లేదు, జనం లేరు. మేం వేరే దేశం అని చెప్పడానికి చేతిలో ఉన్నదల్లా ఏమిటి? బట్ట, భాష, కిటికీ.

మనకిది కొత్తేమీ కాదండీ. కబ్బన్ పార్కు దగ్గర ఎదురెదురుగా నిలబడి ఉన్న రెండు మేడల్ని రోజూ చూస్తూ పోతాం. ఎర్రగా ఉన్న హైకోర్టు, అఠారా కచేరీ, తెల్లదొరల రోజుల్లో గ్రీకు స్తంభాలతో కట్టింది. దాని ముఖం మీదకే అప్పటి మైసూరు ముఖ్యమంత్రి కెంగల్ హనుమంతయ్య గ్రానైట్‌తో విధాన సౌధ, అంటే శాసనసభ మేడ, లేపాడు. మొదట సాదాసీదా భవనం అనుకున్నారు, ఆయన వచ్చి ప్లాన్ మార్పించి ద్రావిడ శిల్పం, గోపురం, చెక్కుడు పని, కేబినెట్ గదికి గంధపు చెక్క తలుపు పెట్టించాడు. ఖర్చు మీద విచారణ జరిగింది. 1956లో సౌధ పూర్తయింది, ఆ ఏడాదే ఆయన కుర్చీ పోయింది. అయితే ఒకటి. విధాన సౌధ ఒక మేడ. మైసూరు రాష్ట్రంలో ప్రతి కిరాణా కొట్టుకూ గోపురం పెట్టమని హనుమంతయ్య అనలేదు. భూటాన్ అన్నది.

అలా అంటే ఏమవుతుందో థింఫూలో చూశాను. కట్టుతున్న ఒక ఐదంతస్తుల మేడలోకి వెళ్లాను, వృత్తి రోగం కదా. మనలాగే ఆర్సీసీ పిల్లర్లు, ఇటుక గోడ. ఆ ఇటుక గోడకు బయట తోరణాల కిటికీ, కార్నిస్ అన్నీ కాంక్రీటుతో పోస్తున్నారు. సెంట్రింగ్ కొడుతున్న అబ్బాయి కూచ్ బిహార్ వాడు. మీదెక్కడ అంటే బెంగళూరు అన్నాను. "వర్తూరు దగ్గర రెండేళ్లు చేశా సార్" అన్నాడు హిందీలో. అక్కడ ఏం చేసేవాడివి అన్నాను. "అక్కడ డబ్బాలు. ఇక్కడ డబ్బాకు పూలు" అన్నాడు. పర్మిట్ మీద వచ్చాడు, రేకుల షెడ్డులో పడుకుంటాడు. మన సర్జాపుర రోడ్డులో పాలమూరు వాళ్లు, రాయచూరు వాళ్లు పడుకునే షెడ్డుకూ దానికీ నాకు తేడా కనబడలేదు. ఏ మార్గదర్శకాల్లోనూ కూలీ షెడ్డుకు ఫలానా కిటికీ ఉండాలని లేదు. కిటికీయే లేదు.

పై అంతస్తులో ఇంకో మనిషి, స్థానికుడు, మధ్య వయసు. పరంజా మీద కూర్చుని సిమెంటు కిటికీకి గోధుమ రంగు వేసి, దాని మీద సన్న కుంచెతో గీతలు గీస్తున్నాడు. ఏమిటా గీతలని దగ్గరికి వెళ్లి చూస్తే కలపలో ఉండే నార గీతలు. అక్కడక్కడా ముడి కూడా పెడుతున్నాడు, కొమ్మ తెగిన చోట ఉంటుందే, ఆ ముడి. చాలాసేపు చూశాను. మనిషి నిమ్మళంగా, శ్రద్ధగా పనిచేస్తున్నాడు. నవ్వొచ్చింది, వెంటనే నవ్వినందుకు సిగ్గేసింది.

నా వృత్తి పరంగా నాకు దీని మీద ఫిర్యాదు ఉంది. చెక్క కిటికీ తేలిక, గోడ బరువును తగ్గించడానికి పుట్టింది. దాన్ని కాంక్రీటుతో పోస్తే బరువును తగ్గించాల్సింది బరువై కూర్చుంది. అది భూకంపాల దేశం. 2009లో, 2011లో కంపించింది, మట్టి గోడలు, రాతి గోడలు చీలాయి. దాంతో పల్లెల్లో కూడా సిమెంటే మేలు అనే భయం పట్టుకుంది. మరి చెక్కతోనే చేసుకోవచ్చు కదా అంటారా? 1969 నుంచి అడవంతా సర్కారుది. దేశంలో 60 శాతం అడవిగా ఉండాలని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. పల్లెలో ఇల్లు కట్టుకునేవాడికి పర్మిట్ మీద చవగ్గా కలప ఇస్తారు. పట్నంలో మేడ కట్టేవాడు మార్కెట్ ధరకు కొనాలి. ఒక చట్టం కిటికీ పెట్టమంటుంది, ఇంకో చట్టం చెట్టు కొట్టొద్దంటుంది. మధ్యలో ఆ కుంచె మనిషికి పని దొరికింది.

అయినా చెప్పాలి, సాయంత్రం కొండ మీద నుంచి థింఫూ చూస్తే బావుంటుందండీ. ఐదారంతస్తులకు మించి లేవనివ్వలేదు. ట్రాఫిక్ లైటు ఒకసారి పెట్టి, జనానికి నచ్చక తీసేశారు. కూడలిలో చెక్కిన స్తంభాలు, రంగుల కప్పు ఉన్న చిన్న మండపంలో పోలీసు నిలబడి తెల్ల గ్లవ్స్ చేతులతో నాట్యం చేస్తాడు. మన ఎలివేషన్లు చూసి చూసి, ఒకడు రోమన్ స్తంభాలు, పక్కవాడు నీలం గాజు, ఆ పక్కవాడు బంగారు రంగు గ్రిల్లు, విసిగిపోయిన నాలాంటివాడికి ఆ చట్టాన్ని ఇక్కడికీ పట్టుకుపోదామా అనిపిస్తుంది. నాకూ అనిపించింది, రెండు రోజులు.

ఇప్పుడు ఇందాక గుర్తు పెట్టుకోమన్న ముక్క.

దక్షిణ భూటాన్ కొండపాదాల్లో నేపాలీ మాట్లాడే రైతులుండేవాళ్లు. ల్హోత్‌షంపాలు, అంటే దక్షిణాది వాళ్లు. ఎక్కువమంది హిందువులు. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి వచ్చి అడవి కొట్టి పొలాలు చేసినవాళ్లు. వాళ్ల ఇల్లు వేరు. కింద ఎర్రమట్టి పూత, పైన తెల్లమట్టి పూత, గడ్డి కప్పు, ముంగిట్లో తులసి కోట. మన ఇళ్లకు చుట్టమనిపించే ఇల్లు. 1958 చట్టం వాళ్లకు పౌరసత్వం ఇచ్చింది. 1985లో కొత్త పౌరసత్వ చట్టం వచ్చింది. 1988లో దక్షిణాన జనగణన చేసి, 1958 నాటి పన్ను రసీదు చూపించమన్నారు. మనుషుల్ని ఎఫ్1 నుంచి ఎఫ్7 దాకా ఏడు రకాలుగా విడగొట్టారు. ఒకే ఇంట్లో మొగుడికి ఒక అంకె, పెళ్లానికి ఒక అంకె పడింది. "ఒకే దేశం, ఒకే ప్రజ" అనేది ఆ రోజుల నినాదం. 1989లో ద్రిగ్లం నమ్ఝా, అంటే కొండ మీది వాళ్ల నడవడి, దుస్తులు, దేశమంతటికీ తప్పనిసరి చేశారు. చలికి పుట్టిన మందపాటి బట్టలు, మగవాళ్లు ఘో, ఆడవాళ్లు కీరా, ఆ ఉక్కపోతలో కట్టుకోవాలి. బడిలో నేపాలీ ఆగిపోయింది. 1990లో ఊరేగింపులు, అరెస్టులు, ఆ తర్వాత వలస. దేశ జనాభాలో సుమారు ఆరో వంతు బయటికి పోయింది. వాళ్లు దొంగతనంగా వచ్చినవాళ్లు, తమంతట తామే సంతకాలు పెట్టి పోయారు అని ప్రభుత్వం అంది. సంతకాలు ఎలా పెట్టించారో, ఇళ్లెలా కూల్చారో పోయినవాళ్లు చెప్పారు. ఖాళీ అయిన భూముల్లో 1990ల చివర్లో ఉత్తరాది కుటుంబాల్ని తెచ్చి పెట్టారు.

చట్టం ఒకటే కదండీ, కిటికీకీ, బట్టకూ. భారతానికీ, చైనాకూ చెప్పాలని రాసుకున్న వాక్యాన్ని సొంత ఇంట్లో వాళ్ల మీద చదివారు. సిక్కింలో జరిగింది చూసి భయపడ్డారు, ఆ భయం అబద్ధం అని నేననను. దాని ఖరీదు ఎవరి దగ్గర వసూలు చేశారన్నదే నా గొడవ.

పోయినవాళ్లు నేపాల్ తూర్పున మాయి నది ఒడ్డున ఆగారు. తర్వాత ఝాపా, మొరంగ్ జిల్లాల్లో ఏడు శిబిరాలు. బెల్డాంగీ, టిమాయి, గోల్డ్‌హాప్... లక్షమందికి పైగా. గుడిసెలు వెదురువి. వెదురు గుంజలు, వెదురు తడికలు, పైన ప్లాస్టిక్ పట్టా, ఆ తర్వాత గడ్డి. ఒక గుడిసెలో దగ్గితే మూడో గుడిసెలో వినబడుతుంది. అలా పదిహేనేళ్లు, పద్దెనిమిదేళ్లు. అక్కడ పుట్టిన పిల్లలు అక్కడే పదో తరగతి పాసయ్యారు. 2008 మార్చిలో గోల్డ్‌హాప్‌లో నిప్పు అంటుకుంది. వెదురు, గడ్డి, వరసగా ఆనుకున్న గుడిసెలు. శిబిరం దాదాపు మొత్తం కాలిపోయింది. మళ్లీ ప్లాస్టిక్ పట్టాలు పంచారు. 2011లో అదే శిబిరం మళ్లీ కాలింది.

2012 జూన్ 24న వాంగ్దీ జోంగ్ కాలింది. 1638 నాటిది. నది మీద కొండ అంచున పడుకున్న జంతువులా ఉండేది. ఆ మధ్యాహ్నం జనం ఒడ్డున నిలబడి ఏడ్చారు, రాజు పరిగెత్తి వచ్చాడు, విగ్రహాల్ని సైనికులు, సన్యాసులు చేతుల మీద బయటికి తెచ్చారు. భారత ప్రభుత్వం 100 కోట్లు ఇచ్చింది. దేశమంతటి నుంచి వడ్రంగులు, శిల్పులు వచ్చి ఏళ్ల తరబడి పనిచేశారు. 2022 నవంబరులో ప్రారంభించారు. ఆ చెక్కుడు పని చూస్తే చేతులెత్తి మొక్కాలి, నిజంగా. ఈ తరం కుర్రాళ్లకు ఆ పని చేతికి రావడమే ఒక లాభం. నేను అక్కడ నిలబడి ఫొటోలు తీసుకున్నాను. గోల్డ్‌హాప్ కాలిన సంగతి నాకప్పుడు తెలియదు. బెంగళూరు వచ్చాక, రాత్రి ఫొటోలు సర్దుకుంటూ చదివితే తెలిసింది. తేదీలు పక్కపక్కన రాసుకున్నాను. అప్పుడే ఈ ప్రసంగం పుట్టింది.

శిబిరాల్లో వాళ్లను 2007 చివరి నుంచి వేరే దేశాలు తీసుకున్నాయి. లక్షా పదివేలకు పైగా వెళ్లారు, ఎక్కువమంది అమెరికాకు. ఇక్కడో చిత్రం. టెక్సాస్‌లో ఎల్ పాసో అనే ఊరుంది, ఎడారి. అక్కడి యూనివర్సిటీ మేడలు చాలావరకు భూటాన్ జోంగ్‌ల్లా వాలుగోడలు, ఎర్ర పట్టీలతో ఉంటాయి. 1914లో ఒక పత్రికలో భూటాన్ ఫొటోలు వచ్చాయి, కాలేజీ డీన్ గారి భార్య వాటిని చూసి ముచ్చటపడింది. 1916లో కాలేజీ కాలిపోయింది, మళ్లీ కడుతూ ఆ తరహాలో కట్టారు. ఆవిడ భూటాన్ చూడలేదు. ఏ చట్టమూ లేదు, ముచ్చట అంతే. ఆ ఎర్ర పట్టీ ఎవరు పెట్టుకోవచ్చో, ఎవరు కూడదో ఆ ఊళ్లో ఎవరూ అడగలేదు.

చివరి బొమ్మలు. ఇవి నేను తీసినవి కావు, కంప్యూటర్ బొమ్మలు. గెలెఫు మైండ్‌ఫుల్‌నెస్ సిటీ. 2023 డిసెంబరు 17న రాజు ప్రకటించాడు. యువకులు దేశం వదిలిపోతున్నారు, ఇక్కడే పని పుట్టించాలి అనేది ఉద్దేశం. అది మంచి ఉద్దేశమే. వెయ్యి చదరపు కిలోమీటర్ల పైన. నిన్నమొన్నటి బీబీఎంపీ, అంటే బెంగళూరు నగరపాలిక, 700 చిల్లర, పోల్చుకోండి. డెన్మార్క్ ఆర్కిటెక్టులు, బియార్కె ఇంగెల్స్ సంస్థ గీసింది. నదుల మీద వంతెనలు, ఆ వంతెనల్లోనే యూనివర్సిటీ, ఆస్పత్రి, సంత. డ్యామ్ గోడ మీద గుడి. విమానాశ్రయం చెక్కతో. అద్భుతంగా గీశారు, నాకు అసూయ కూడా కలిగింది. కట్టడానికి వాడేవి రాయి, కలప, వెదురు అట. వెదురు! రబ్సెల్ కిటికీలు కూడా ఉంటాయట.

గెలెఫు సర్పాంగ్ జిల్లాలో ఉంది. కొండపాదం, ఉక్కపోత. 1990లలో జనం వెళ్లిపోయిన జిల్లాల్లో సర్పాంగ్ ఒకటి.

అమరావతి మాట ఎత్తనన్నాను, ఎత్తను. అక్కడ 30 వేల ఎకరాలకు పైగా రైతులు రాసిచ్చారు, ఎవరి పేరు మీద ఏ సర్వే నంబరో కనీసం కాగితం ఉంది. అది చూపించి కొట్లాడుకోవచ్చు, కొట్లాడుకుంటున్నాం కూడా. (నవ్వులు) సరే, కూర్చోండి, అయిపోవచ్చింది.

ఈ బొమ్మను పెద్దది చేయండి. ఇంకా. ఆఁ. నదులున్నాయి, ఏనుగుల దారి ఉంది, వరిమళ్లు ఉన్నాయి. మాకు కాలేజీలో మొదటి ఏడాదే ఒకటి నేర్పుతారు. సైట్ ప్లాన్ గీసేటప్పుడు ఆ స్థలంలో ఉన్న చెట్టును, బావిని, పాత గోడను వదలకుండా గుర్తించాలి. కూల్చేసిన కట్టడం ఉంటే దాన్ని చుక్కల గీతతో చూపించాలి. నేను చూసిన బొమ్మలన్నింట్లో ఆ చుక్కల గీత కోసం వెతికాను.

లైట్లు వేయండి. వెనకాల ఎవరో చెయ్యెత్తారు, చెప్పండమ్మా.